కడిగేసిన సీసా, మింగేసిన దగ్గు

దవాఖానాలో నా కింద పని నేర్చుకున్న ఆయా పిల్లలు సంతలో కనిపిస్తే నన్ను ఒకటే అడుగుతారు. "ఇన్నేండ్లు చేసినవ్ గదా పెద్దమ్మా, ఒక్కసారన్నా తప్పు చెయ్యలేదా?" నా మీద ప్రేమతో అడగరు. నేను తిట్టిన తిట్లకు బదులు వెతుక్కుంటున్నారు. పని మానేసి మూడేళ్ళయింది, ఇక నన్ను ఎవరూ ఏమీ చేయలేరు కాబట్టి చెబుతున్నాను. చేశాను. ఒకటే చేశాను గానీ చాలా శుభ్రంగా చేశాను.

మా దవాఖానా పాల్వంచ దాటాక భద్రాచలం పోయే బస్సులు ఆగే చోట ఉంటుంది. పేరు చెప్పను. అక్కడివాళ్ళకు నేనంటే ఇప్పటికీ భయం ఉంది, దాన్ని పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

నా చదువు అయిదో తరగతి దగ్గర ఆగిపోయింది. అయినా పని చేసే పద్ధతి నాకు తెలిసినంత సిస్టర్లకు కూడా తెలియదని నా నమ్మకం. మనిషి లేని గదిలో ఫ్యాను తిరుగుతుంటే నా కడుపులో తిరిగినట్టు ఉండేది. అరిగిపోయిన సబ్బు ముక్కలన్నీ కలిపి ముద్ద చేసి ఇంకో వారం నడిపించేదాన్ని. రోగికి తోడు వచ్చినవాళ్ళు చెప్పులతో లోపలికి అడుగు పెడితే, సర్పంచి అయినా సరే, వెనక్కి పంపేదాన్ని. ఇన్ని మంచి గుణాల మధ్య నాకు ఒక జబ్బు ఉంది. కడగని సీసా కంటబడితే ఊరుకోలేను. చేతులు వాటంతట అవే బ్రష్ కోసం వెతుక్కుంటాయి.

నా చివరి ఏళ్ళు పైపు గదిలో గడిచాయి. బ్రాంకోస్కోపీ అంటే మా ఊళ్ళవాళ్ళకు నోరు తిరగదు, అందుకని పైపు పరీక్ష అనేవాళ్ళం. టీబీ అనుమానం ఉంటే ముందు తెమడ పరీక్ష చేస్తారు. డబ్బా ఇచ్చి దగ్గి ఉమ్మమంటారు. కొందరికి ఎంత దగ్గినా తెమడ రాదు, డబ్బాలో ఉమ్మే పడుతుంది. ఉమ్మిలో టీబీ పురుగు దొరకదు. అటు ఎక్స్‌రేలో మచ్చ మాత్రం కనిపిస్తూనే ఉంటుంది. అలాంటివాళ్ళకు ముక్కులోంచి సన్నటి పైపు ఊపిరితిత్తుల్లోకి పంపి, దాని కొసన ఉన్న కెమెరాతో లోపల చూస్తారు. ఆ పైపులోంచే కొంచెం సెలైను నీళ్ళు మచ్చ ఉన్న చోట పోసి, కడిగి, మళ్ళీ పీల్చి ఒక చిన్న సీసాలో పడతారు. ఆ కడుగు నీళ్ళను పరీక్షకు పంపుతారు. ఆ నీళ్ళు చూడటానికి బియ్యం రెండోసారి కడిగిన నీళ్ళలా ఉంటాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఒక శనివారం ఒక అల్లుణ్ణి తీసుకొచ్చారు. ముప్పై ఏళ్ళుంటాయి. సొంతూరు వేంసూరు వైపు, ములకలపల్లి దగ్గరి పల్లెకు ఇల్లరికం వచ్చాడు. నాలుగు నెలలుగా దగ్గు, సాయంత్రమైతే జ్వరం. ప్యాంటు జారిపోతుంటే బెల్టుకు మేకుతో కొత్తగా మూడు చిల్లులు పొడుచుకున్నాడు. మూడుసార్లు తెమడ డబ్బా ఇచ్చాడట, మూడుసార్లూ ఏమీ లేదనే వచ్చింది. ఎక్స్‌రేలో మాత్రం కుడివైపు పైన చింతగింజంత మచ్చ ఉంది.

భార్యకు నెలలు నిండాయి. మామగారు లేడు. కాబట్టి తోడు ఎవరు వచ్చారు? అత్తగారు.

ఇక్కడ ఒక ముక్క చెప్పాలి, ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. కొన్ని ఇళ్ళల్లో అత్తగారు అల్లుడి ఎదుట నిలబడదు, అల్లుడితో నేరుగా మాట్లాడదు. తలుపు చాటునుంచి ఎవరితోనైనా చెప్పిస్తుంది. అల్లుడు కూడా అంతే. పెళ్ళయి రెండేళ్ళు, ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఈ ఇద్దరి మధ్య ఒక్క మాట కూడా నేరుగా నడవలేదు. ఇంట్లో అయితే మాట మోయడానికి కూతురు ఉంది. దవాఖానాలో కూతురు లేదు. నేను దొరికాను.

అత్తగారు తల మీద కొంగు ముఖం దాకా లాక్కుని తలుపు వెనక నిలబడింది. అల్లుడు మంచం మీద గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. మధ్యలో మూడడుగుల జాగా, అందులో నేను.

"అక్కా, అల్లునికి చలి పెడుతుందేమో అడుగు."

"చలి పెడుతుందా?" అన్నాను.

"లేదని చెప్పండి ఆయమ్మ గారూ."

"లేదంట."

"దుప్పటి తెచ్చిన. కప్పుకోమను."

"కప్పుకోమంటుంది."

"వద్దని చెప్పండి."

"నాకు జీతం ఊడ్చేటందుకు ఇస్తుండ్రు, చిట్టీలు మోసేటందుకు కాదు," అన్నాను. ఇద్దరూ తల దించుకున్నారు. మళ్ళీ రెండు నిమిషాలకు, "అక్కా, మూత్రానికి పోతరేమో అడుగు."

ఆ అల్లుడు ఆ రోజు ఎలా వచ్చాడో చెప్పాలి. నున్నగా గడ్డం గీసుకుని, తలకు నూనె రాసి, పక్క పాపిడి తీసి, ముఖానికి పౌడరు పూసుకుని వచ్చాడు. చేతిలో మడత నలగని చొక్కా ఒకటి. ఎందుకయ్యా ఈ సింగారం అంటే, "కెమెరా పెడతారన్నారు కదండీ, ఫోటోలో బాగుంటుందని," అన్నాడు.

"కెమెరా నీ ఛాతీ లోపలికి పోతది నాయనా. ఆడ పౌడరు రాసుకున్నవా?"

తలుపు వెనక నుంచి అత్తగారు, "ఆ చొక్కా నేనే పట్టుకరమ్మన్న అక్కా, ఆయన తప్పేం లేదని చెప్పు," అంది. ఎవరికి చెప్పాలో నాకు అర్థం కాలేదు.

ఇంకో గొడవ ఇడ్లీలది. పైపు పరీక్షకు ముందు కడుపు ఖాళీగా ఉండాలి, లేకపోతే వాంతి గొంతులోకి వచ్చి ప్రమాదం. అత్తగారు పది ఇడ్లీలు, పల్లీ చట్నీ స్టీలు డబ్బాలో పెట్టుకుని వచ్చింది. నీరసంగా ఉంటాడు, ఒక్కటి తింటే ఏమవుతుంది, సగం తింటే ఏమవుతుంది, చట్నీ లేకుండా తింటే ఏమవుతుందని నా ద్వారా డాక్టరును అడిగించింది. చివరికి ఆ డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నడుముకు దోపుకున్నాను.

మా డాక్టరు గారు చిన్నవాడు, నా చిన్న కొడుకు ఈడు. గట్టిగా మాట్లాడటం తెలియదు. అల్లుడికి, తలుపుకు కలిపి ఒకేసారి చెప్పాడు. "ఇది టీబీ అయితే భయం లేదు. ఆరు నెలలు మందులు వాడితే పోతుంది. టీబీ కాకపోతే హైదరాబాద్ పంపాలి, అక్కడ ఇంకా పెద్ద పరీక్షలు ఉంటాయి. ఏదో ఒకటి తేలేదాకా మాత్రం పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఉండొద్దు."

కాన్పుకు వారం ఉంది. అల్లుడు పౌడరు ముఖంతో నేల చూస్తూ కూర్చున్నాడు. కొంచెం సేపటికి నన్ను అడిగాడు. "బిడ్డను చూడ్డానికి కూడా వీల్లేదా అండీ?" ఆ ప్రశ్న డాక్టరును అడగలేకపోయాడు. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. దుప్పటి సరిగ్గా కప్పుకోమని అతని మీద అరిచాను.

పరీక్ష మొదలైంది. గొంతు మొద్దుబారే మందు కొట్టారు. అది వేపాకు కషాయం కన్నా చేదు అంటారు. ఇక మాట రాదు. అప్పుడు తలుపు వెనక నుంచి వినిపించింది: "అక్కా, భద్రాచలం రామయ్యకు మొక్కుకున్ననని చెప్పు. అన్నీ మంచిగైతే అల్లుని తలనీలాలు ఇస్తనని."

మొక్కింది ఆమె, జుట్టు అతనిది. మంచి ఒత్తయిన జుట్టు, పక్క పాపిడి. అతను కళ్ళు పెద్దవి చేసి తల అడ్డంగా ఊపాడు. గొంతు మొద్దుబారి ఉంది, కాదనడానికి మాట లేదు. "సరేనంటుండు," అని నేనే చెప్పాను. పరీక్ష సమయంలో తల కదలకూడదు మరి.

నేను తల పట్టుకున్నాను, సిస్టర్ చెయ్యి పట్టుకుంది. డాక్టరు తెర మీద చూస్తూ పైపు పంపాడు. కుడివైపు పై గొట్టం మొదట్లో ఎర్రగా వాచి ఉందని, మీగడలాంటిది అంటుకుని ఉందని, గడ్డలాంటిదేమీ కనిపించలేదని చెప్పాడు. "టీబీ లాగే ఉంది. కానీ చూసి చెప్పకూడదు, పరీక్షలో తేలాలి," అంటూ నీళ్ళు పోసి కడిగి సీసాలోకి పీల్చాడు. అల్లుడు నా మణికట్టును పట్టుకున్న పట్టుకు గాజు ఒకటి పగిలింది. దాన్ని ఇంకా మరిచిపోలేదు.

ఇక తప్పు ఎలా జరిగిందో వినండి.

మా సిస్టర్‌కు ఒక అలవాటు ఉంది. ప్లాస్టరు ముక్కలు ముందే కత్తిరించి తన చొక్కా చేతికి వరసగా అంటించుకునేది, అవసరం వచ్చినప్పుడు ఒక్కోటి పీకి వాడటానికి. పేరు రాసిన చీటీలు కూడా అంతే. ఆ రోజు సీసా మూత బిగించి ట్రేలో పెట్టింది. అల్లుడి పేరు చీటీ మీద రాసింది. అంటించబోయే లోపల అతనికి ముక్కులోంచి రెండు చుక్కలు రక్తం వచ్చింది. చీటీని మోచేతికి అంటించుకుని అటు పరుగెత్తింది. ఆ రక్తం ఏమీ కాదు, ఒక్కోసారి వస్తుంది. కానీ సిస్టర్ కొత్తది.

నేను ట్రే దగ్గరికి వచ్చాను. ట్రేలో రెండు సీసాలు. ఒకదాంట్లో మిగిలిన సెలైను, ఇంకోదాంట్లో కడుగు నీళ్ళు. రెండింటి మీదా పేరు లేదు. పేరు లేని సీసాలో ఉన్నవి వృథా నీళ్ళని నా లెక్క. రెండూ బ్లీచింగ్ బకెట్‌లో వంపాను. సీసాలు బ్రష్ పెట్టి రుద్దాను, సబ్బుతో ఒకసారి, మంచి నీళ్ళతో రెండుసార్లు. తళతళా మెరిశాయి. కిటికీలో ఎండ పడేచోట బోర్లించి, రెండడుగులు వెనక్కి జరిగి చూసుకుని సంతోషపడ్డాను కూడా.

కాసేపటికి సిస్టర్ వచ్చింది. "ఆయమ్మా, శాంపిలేది? నాలుగింటికి బండి వస్తది."

శనివారం నాలుగింటికి టీబీ సెంటరుకు శాంపిళ్ళు తీసుకుపోయే బండి వస్తుంది. అది దాటితే ఆదివారం లేదు, సోమవారం సెలవు, మంగళవారమే.

"నాకేం తెలుసు, పేరున్న సీసా ఏదీ ట్రేలో లేదు," అన్నాను. అంటూనే ఆమె మోచేయి చూశాను. అల్లుడి పేరు, వయసు, ఊరు, చక్కగా గుండ్రటి అక్షరాల్లో, ఆమె మోచేతి మీద తిరుగుతున్నాయి. నేను కిటికీ వైపు చూశాను. ఆమె కూడా చూసింది. సీసా మెరుస్తోంది.

"కడిగినవా?"

"కడిగిన."

సిస్టర్ స్టూలు మీద కూలబడింది. తర్వాత గొంతు తగ్గించి, "ఆయమ్మా, ఇంకో బాటిల్ సెలైను ఉంది. కొంచెం పోసి పంపుదామా? ఎవరికి తెలుస్తది?" అంది.

పిల్లలూ, నేను వెంటనే వద్దనలేదు. వెంటనే అన్నానని చెప్పుకోవచ్చు, సాక్షి ఎవరూ లేరు. కానీ ఒక అర నిమిషం నేను కూడా ఆ సెలైను బాటిల్ వైపు చూశాను. ముప్పై ఏళ్ళలో నన్ను మాట అన్నవాళ్ళు లేరు. ఆ నీళ్ళు పంపితే టీబీ లేదని వస్తుంది. పేరు సరిగ్గా ఉంటుంది, సీసా శుభ్రంగా ఉంటుంది, అన్నీ బాగుంటాయి. అతను మాత్రం లేని జబ్బును వెతుక్కుంటూ హైదరాబాద్ పోతాడు, ఉన్న జబ్బుతో. బిడ్డను ఎప్పుడు చూస్తాడో. అప్పుడు నా పగిలిన గాజు కనిపించింది.

"నోర్ముయ్," అన్నాను సిస్టర్‌ను. సగం నన్ను నేనే అనుకున్నాను.

డాక్టరు గారు పెరుగన్నం డబ్బా తెరిచి కూర్చున్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చెంచా కింద పెట్టాడు.

"బాగా కడిగారా?"

"బాగా కడిగిన సార్."

"అడుగున కూడా ఏమీ..."

"బ్రష్ పెట్టిన సార్."

"మీరు ఎప్పుడూ బాగానే కడుగుతారు," అన్నాడు. అది పొగడ్తో తిట్టో ఇప్పటికీ తేల్చుకోలేదు. అరిచి ఉంటే బాగుండేది, తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. అతను పెరుగన్నం డబ్బాకు మూత పెట్టేసి, "మళ్ళీ పైపు వేయడానికి ఇవాళ కుదరదు, అతనూ ఒప్పుకోడు. కానీ ఒక దారి ఉంది. పైపు వేసి కడిగాక లోపల తెమడ కదులుతుంది. ఇన్నాళ్ళు రానిది ఇప్పుడు వస్తుంది. నాలుగింటిలోపు అతను లోతుగా దగ్గి డబ్బాలో ఉమ్మితే దాన్ని పంపుదాం. కడుగు నీళ్ళంత పనికొస్తుంది," అన్నాడు.

ముందు అల్లుడి దగ్గరికి పోయాను. "నీ సీసా నేను కడిగేసిన. నాదే తప్పు," అని చెప్పాను. అతను నన్ను చూశాడు, మెరిసే సీసాను చూశాడు, తిరిగి నాకే నమస్కారం పెట్టాడు. అంత మర్యాద మనిషి. తలుపు వెనక నుంచి, "పోనీలే అక్కా, కడగటం మంచిదే గదా," అని వినిపించింది.

రెండు గంటలయ్యాక చెంచాతో నీళ్ళు మింగించి చూశాం, గొంతు మొద్దుబారడం తగ్గింది. ఇడ్లీ డబ్బా బయటికి తీశాను. అతను నాలుగు తిన్నాడు. అప్పుడు తెమడ డబ్బా చేతిలో పెట్టి, "గుండెల నిండ ఊపిరి తీసుకో, లోపలికెల్లి దగ్గు, ఇండ్ల ఊంచు," అన్నాను.

"కుహ్," అన్నాడు. పిల్లికూన తుమ్మినట్టు. డబ్బాలో చూస్తే ఉమ్మి.

ఇలా గంట గడిచింది. మూడు దాటింది. అప్పుడే అత్తగారు చెయ్యి కడుక్కోవడానికి వరండా చివరికి పోయింది. ఆమె అటు తిరిగిందో లేదో అతనికి దగ్గు వచ్చింది. నిజమైన దగ్గు, మంచం కిర్రుమనే దగ్గు. నేను డబ్బా అందించే లోపల ఆమె కడియాల చప్పుడు వినిపించింది. అతను గుటుక్కున మింగేశాడు.

మింగేశాడు! వారాల తరబడి డాక్టర్లంతా వెతుకుతున్నదాన్ని!

"ఏందయ్యా గిది?"

"ఆవిడ వచ్చారండీ," అన్నాడు గొణుగుతూ. "ఆవిడ ముందు ఖళ్ళుమని ఊయడం... మర్యాద కాదు కదండీ."

నాకు ఒళ్ళంతా అనుమానం పాకింది. "ఇంతకుముందు మూడు డబ్బాలు ఇచ్చినవ్ గదా. అప్పుడు పక్కన ఎవరున్నరు?"

"ఆవిడే. మూత పట్టుకుని, అటు తిరిగి నిలబడ్డారు."

కూర్చోవడానికి స్టూలు కోసం వెతికాను. మూడు డబ్బాల ఉమ్మి, ఒక ఎక్స్‌రే, గజం పొడుగు పైపు, నా గాజు, నా పరువు, అన్నీ ఒక మర్యాద కోసం!

తలుపు దగ్గరికి పోయి ఆమెకు విషయం చెప్పాను. కొంగులోంచి కళ్ళు కనిపించాయి. "నా ముంగట దగ్గుతలేరా? నా వల్లనా?" అంది. పాపం, నిజంగా భయపడింది. "నేను బయటికి పోతక్కా. ఆయన్ను నిమ్మలంగా దగ్గమని చెప్పు."

నిజానికి దగ్గి ఉమ్మడం బయట, గాలి ఆడే చోటే చేయించాలి, తొందరలో నేనే ఆ సంగతి మరిచాను. వెనక ప్రహరీ దగ్గర టేకు చెట్ల పక్కన మాకు ఒక మూల ఉంది. అక్కడికి అతన్ని తీసుకుపోయాను. అత్తగారు ఇరవై అడుగుల దూరంలో, ఇనుప స్టాండు మీద ఉన్న నీళ్ళ ట్యాంకు చాటుకు పోయి నిలబడింది. ఇంకా దూరం పొమ్మంటే పోదు. అల్లుణ్ణి కంటికి రెప్పలా చూసుకుంటానని కూతురికి మాట ఇచ్చిందట.

"ఇగ దగ్గు."

"వింటారండీ."

"వినదు."

"కొంగు కనిపిస్తుందండీ."

మూడూ నలభై. నాకు ఒక ఉపాయం తట్టింది. ట్యాంకు నింపే మోటారు వేశాను. ఆ మోటారు చప్పుడుకు పక్కనున్న మనిషి మాట కూడా వినబడదు. "ఇప్పుడెవ్వలు వినరు, దగ్గు!" అని అరిచాను. ట్యాంకు అప్పటికే నిండుగా ఉన్న సంగతి నాకు తెలుసు. ముప్పై ఏళ్ళలో ఒక్క చెంబు నీళ్ళు పొర్లి పోనివ్వని మనిషిని నేను. ఆ రోజు కళ్ళు మూసుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి ట్యాంకు పొర్లింది. పొర్లిన నీళ్ళు ఎటు పడతాయో నేను ఆలోచించలేదు. అంతా ధారగా అత్తగారి నెత్తిన పడింది.

"రామా!" అని ఒక కేక. చాటునుంచి ఆమె బయటికి దూకింది. కొంగు జారిపోయింది, కొప్పు ఊడిపోయింది, చీర కాళ్ళకు చుట్టుకుంది. రెండేళ్ళలో మొదటిసారి అల్లుడు అత్తగారి ముఖం పూర్తిగా చూశాడు, అదీ ఈ అవతారంలో. అతను పెదాలు బిగించాడు. బుగ్గలు ఉబ్బాయి. భుజాలు ఎగిరాయి. ఇక ఆగలేక ఫక్కున నవ్వేశాడు.

ఆమె ఆగిపోయింది. తడి కొంగును పిండి నడుముకు దోపుకుంది. నేరుగా అతని ముందుకు వచ్చి నిలబడింది.

"నవ్వుతున్నవా? నవ్వు! నా ముంగట నవ్వస్తది గానీ దగ్గు రాదా నీకు? ఏందయ్యా నీ సిగ్గు? ఇంట్ల నా బిడ్డ నెలలు నిండి దినాలు లెక్కపెడుతుంది, నువ్వేమో మర్యాదంటవ్! నాకు మర్యాద గావాల్నని ఎవ్వలు జెప్పిండ్రు నీకు? నాకు అల్లుడు గావాలె! దగ్గు! ఊంచు ఇగ!"

నవ్వు మధ్యలో భయం తగిలింది, రెండూ కలిసి దగ్గయ్యాయి. ఎక్కడో కడుపు అడుగునుంచి మొదలైంది. మనిషి రెండుగా వంగిపోయాడు. నేను డబ్బాతో అటు ఉరికేలోపల ఆమె నా చేతిలోంచి లాక్కుని అతని గడ్డం కింద పట్టింది. "ఇంక! ఇంకోపారి! అవ్, గట్ల!" అంటూ వీపు మీద దబదబ చరిచింది. నేను మాస్కు సరిగ్గా పెట్టుకో తల్లీ అని అరుస్తున్నాను, మోటారు చప్పుడులో ఎవరూ వినలేదు. డబ్బాలో చూశాను. చిక్కగా, పచ్చగా, చూడటానికి ఎంత బాగుందో! ఇది విని అసహ్యపడేవాళ్ళు ఈ పనికి రావద్దు.

సిస్టర్ మోచేతి మీది చీటీ పీకి డబ్బాకు నేనే అంటించాను. బండి గేటు దగ్గర హారను కొట్టింది. తర్వాత పోయి మోటారు ఆపాను. అప్పటికి పెరడంతా వరిమడిలా ఉంది. ఆ నీళ్ళ గురించి ఆ రాత్రి అన్నం తింటున్నప్పుడు కూడా బాధపడ్డాను.

మంగళవారం కబురు వచ్చింది. టీబీయే. మామూలు మందులకు లొంగే రకమేనట. టీబీ ఉందని తెలిసి దండం పెట్టుకున్న మనుషుల్ని నేను ఆ ఒక్కసారే చూశాను. మందులు మొదలుపెట్టారు. కొన్ని వారాలు వేరే పడక, ముఖానికి మాస్కు. ఆడపిల్ల పుట్టింది. ముందు కిటికీ బయట నిలబడి చూశాడట. తర్వాత డాక్టరు సరేనన్నాక ఎత్తుకున్నాడు. ఆరు నెలల మందు ఒక్క రోజు తప్పకుండా మింగాడు. తప్పనిచ్చేది ఎవరు, అత్తగారు ఉండగా?

డాక్టరు గారు నన్ను ఏమీ అనలేదు. కానీ పైపు గది గోడ మీద ఒక కాగితం అంటించాడు: "ఆయమ్మ రాకముందే సీసా మీద పేరు అంటించాలి." అది ఇప్పటికీ ఉందట. కొత్త పిల్లలు ఆ ఆయమ్మ ఎవరో పెద్ద అధికారి అనుకుంటున్నారు. అనుకోనివ్వండి.

మొన్న పాల్వంచ బస్టాండులో ఆ కుటుంబం కనిపించింది. అల్లుడు లావయ్యాడు. పాత బెల్టు మేకు చిల్లులు వదిలేసి మొదటి చిల్లుకు వచ్చింది. జుట్టు అలాగే ఒత్తుగా, పక్క పాపిడితో ఉంది. మొక్కు ఏళ్ళ తరబడి వాయిదా వేస్తున్నాడని, ఇవాళ పట్టుకుని భద్రాచలం తీసుకుపోతున్నామని అతని భార్య నవ్వుతూ చెప్పింది. అత్తగారు ఎక్కడ అని చూస్తే స్తంభం చాటున ఉంది, తల మీద కొంగు ముఖం దాకా.

"ఏందమ్మా, ఆ దినం అంత తిట్టినవ్, మళ్ళ చాటుకు పోయినవా?" అన్నాను.

"అప్పుడు పానం మీదికొచ్చింది అక్కా. ఇప్పుడు బాగుండ్రు గదా," అని సిగ్గుపడింది. బస్సు వచ్చింది. ఆమె చీర కొంగులోంచి నా వైపు వంగి, "బస్సొచ్చిందని అల్లునికి చెప్పక్కా," అంది.

"నేను రిటైరైన. చెప్ప," అన్నాను.

ఆమె చిన్నబుచ్చుకోలేదు. పక్కన నిలబడి మరమరాలు తింటున్న మనవరాలి వీపు మెల్లగా తట్టింది. ఆ పిల్ల తల కూడా ఎత్తకుండా, ఎన్నో ఏళ్ళ అనుభవం ఉన్నదానిలా అరిచింది.

"నాన్నా, బస్సెక్కమంటుంది. జుట్టు దువ్వొద్దంటుంది, ఎట్లన్నా పోయేదే అంటుంది."

నా ఉద్యోగం ఖాళీగా లేదు. మంచి మనిషినే పెట్టుకున్నారు.